మీకు తెలుసా? మాన్వి కాలువగట్టు నుంచి మాహిష్మతి దాకా

రాజమౌళిది ఏ ఊరని అడిగితే చాలామంది కొవ్వూరు అంటారు. వంశం లెక్కన అది నిజమే. కానీ ఆయన పుట్టింది గోదావరి గట్టున కాదు. కర్ణాటకలోని రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలో అమరేశ్వర క్యాంపు అనే చిన్న ఊళ్లో, 1973 అక్టోబరు 10న. ఈ ముక్క ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆ కుటుంబం అంత దూరం ఎందుకు వెళ్లింది, అక్కడి నుంచి కదిలాక ఎన్నేళ్లు నలిగింది అన్నది మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. అందుకే ఈసారి మన శీర్షికను రాజమౌళి తండ్రి, కథా రచయిత కోడూరి విశ్వ విజయేంద్రప్రసాద్‌కు కేటాయిస్తున్నాం. ఆయన నడిచిన దారి ఆయన రాసిన ఏ కథకూ తీసిపోదు.

ఊరి పేరు చివర ‘క్యాంపు’ ఎందుకు?

రాయచూరు నుంచి మాన్వి మీదుగా సింధనూరు వైపు బస్సులో వెళ్తుంటే ‘క్యాంపు’తో ముగిసే ఊరి పేర్లు వరసగా తగులుతాయి. సైన్యం విడిదులేమో అనుకుంటారు కొత్తవాళ్లు. అవి తెలుగు రైతులు కట్టుకున్న ఊళ్లు.

హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్టకు 1945లో పునాదిరాయి వేశారు. అప్పట్లో నదికి ఎడమగట్టు నిజాం సంస్థానం, కుడిగట్టు మద్రాసు ప్రెసిడెన్సీ. రెండు ప్రభుత్వాలు కలిసి మొదలుపెట్టిన ఆనకట్ట 1953 నాటికి పూర్తయింది. ఎడమగట్టు ప్రధాన కాలువ 227 కిలోమీటర్ల పొడవున రాయచూరు ప్రాంతంలోకి నీళ్లు తెచ్చింది. నీళ్లయితే వచ్చాయి గానీ, అది తరతరాలుగా జొన్న, పత్తి పండిన మెట్ట నేల. మడి కట్టి, నారు పోసి, నీరు నిలిపి వరి పండించే అలవాటు అక్కడ తక్కువ. ఆ పని బాగా తెలిసిన గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులకు ఈ కబురు అందింది. సొంత ఊళ్లో కొద్దిపాటి పొలం అమ్మితే వచ్చే డబ్బుతో ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు నల్లరేగడి కొనుక్కోవచ్చు. బళ్లు కట్టుకుని, రైళ్లెక్కి కుటుంబాలు కుటుంబాలే కదిలాయి.

పొలంలోనే పాకలు వేసుకుని, తుమ్మ చెట్లు కొట్టి, నేల చదును చేసుకున్నారు. ఆ తాత్కాలిక విడుదులనే క్యాంపులన్నారు. తర్వాత డాబాలు వచ్చాయి, రామాలయాలు వచ్చాయి, రైస్ మిల్లులు వచ్చాయి. పేరు మాత్రం మారలేదు. సింధనూరు, గంగావతి పేర్లు చెప్పగానే సోనా మసూరి బియ్యం గుర్తుకొచ్చే పరిస్థితి ఈ వలసతోనే మొదలైంది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి రెండు భాషల పంచాంగాలు. ఇప్పుడక్కడ మూడో తరం, నాలుగో తరం పిల్లలు పెరుగుతున్నారు. తెలుగు సినిమా చరిత్ర రాసేవాళ్లు ఈ క్యాంపుల గురించి ఒక్క పేరా అయినా రాయాలన్నది నా గట్టి నమ్మకం.

కొవ్వూరు అన్నదమ్ములు

1960ల చివర్లో అలా వెళ్లినవాళ్లలో కొవ్వూరు కోడూరి వారూ ఉన్నారు. అన్నగారు శివశక్తి దత్తా అప్పటికే బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చిత్రలేఖనం నేర్చుకుని వచ్చి, ‘కమలేశ్’ పేరుతో బొమ్మలు వేసిన మనిషి. సంగీతం తెలుసు, సంస్కృతం తెలుసు. తమ్ముడు విజయేంద్రప్రసాద్. మాన్వి తాలూకాలో హిరేకొట్నేకల్ చుట్టుపక్కల భూములు కొని వ్యవసాయంలోకి దిగారు. శివశక్తి దత్తా కొడుకే కీరవాణి. అంటే ‘ఆర్ఆర్ఆర్’ పాటకు ఆస్కార్ అందుకున్న సంగీత దర్శకుడి బాల్యానికీ, ఆ సినిమా తీసిన దర్శకుడి పుట్టుకకూ, దాని కథకుడి యవ్వనానికీ ఉమ్మడి చిరునామా రాయచూరు జిల్లా.

రాజమౌళి పేరు ముందున్న ఎస్.ఎస్. అంటే ‘శ్రీశైల శ్రీ’. క్యాంపులో పుట్టిన బిడ్డకు శ్రీశైల మల్లన్న పేరు పెట్టుకున్నారన్నమాట.

ఒకే నెల, ఒకే రాష్ట్రం

‘షోలే’ షూటింగ్ బెంగళూరు దగ్గర రామనగర కొండల్లో 1973 అక్టోబరులో మొదలైంది. అదే నెలలో అదే రాష్ట్రానికి ఉత్తరపు కొసన రాజమౌళి పుట్టారు. తర్వాతి రోజుల్లో విజయేంద్రప్రసాద్ తనను కథకుడిగా తీర్చిదిద్దిన సినిమాలుగా ‘మాయాబజార్’తోపాటు ‘షోలే’నూ చెప్పుకున్నారు.

మాన్వి నేలకు రచన కొత్తదేమీ కాదు

కన్నడ హరిదాసుల్లో పెద్దవారైన జగన్నాథ దాసులది మాన్వే. 18వ శతాబ్దంలో ‘హరికథామృతసార’ రాసిన ఆయన జ్ఞాపకంగా అక్కడ మందిరం ఉంది. మరో హరిదాసు విజయదాసులు పుట్టిన చీకలపర్వి కూడా ఈ తాలూకాలోనిదే. తుంగభద్ర దాటితే మంత్రాలయం. నదికి ఆ గట్టున కన్నడ కీర్తన, ఈ గట్టున తెలుగు భజన వినిపించే ప్రాంతమిది.

పొలాలు మింగిన ‘పిల్లనగ్రోవి’

శివశక్తి దత్తాకు సినిమా అంటే ప్రాణం. సేద్యం చేస్తున్నా మనసంతా మద్రాసులోనే. 1970ల్లో కుటుంబం కర్ణాటక నుంచి కొవ్వూరుకు తిరిగొచ్చింది. వందల ఎకరాలు ఏలిన ఇల్లు ఆస్తులు ఒక్కొక్కటే కరిగించుకుంటూ చివరికి మద్రాసు చేరింది. అక్కడ దత్తా పిల్లల కోసం ‘పిల్లనగ్రోవి’ అనే సినిమా మొదలుపెట్టారు. అందులో బాలకృష్ణుడి వేషం పదేళ్ల రాజమౌళిది. డబ్బు చాలక ఆ సినిమా మధ్యలోనే ఆగిపోయింది.

సినిమాకు పెట్టుబడి పెట్టినవాడి కష్టం ఎలా ఉంటుందో విజయేంద్రప్రసాద్ ముందు చూసింది ఇక్కడే. చిన్న అద్దె ఇంట్లో ఉమ్మడి కుటుంబమంతా సర్దుకుంది. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే పని కావాలి. చేతిలో ఉన్న పనల్లా కథ చెప్పడం.

పేరు లేని సంవత్సరాలు

సినిమావాళ్ల మాటల్లో ‘ఘోస్ట్’ అంటే తెరమీద పేరు పడని రచయిత. కథ ఒకరిది, కార్డు మరొకరిది. సిట్టింగుల్లో కూర్చుంటారు, సీన్లు అల్లుతారు, కాగితాలు ఇచ్చి వస్తారు. ఇచ్చింది తీసుకుంటారు. సినిమా నూరు రోజులు ఆడినా అభినందన సభలో కుర్చీ ఉండదు. అన్నదమ్ములిద్దరూ ఇలా కొన్నేళ్లు పనిచేశారు. ఆ కాలంలో వాళ్ల చేయి పడ్డ సినిమాలు ఏవేవో చెప్పే జాబితా ఏదీ లేదు. పేరు వేయకపోతే చరిత్రలో ఆ మనిషే ఉండడు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో కమ్యూనిస్టు ముద్రవేసి నిషేధించిన రచయిత డాల్టన్ ట్రంబో ‘రోమన్ హాలిడే’ కథ రాస్తే, 1954లో దానికి వచ్చిన ఆస్కార్ ఆయన స్నేహితుడి పేరున వెళ్లింది. అక్కడి రచయితల సంఘం ఆ సినిమా రచయితగా ట్రంబో పేరు చేర్చింది 2011లో. అప్పటికి ఆయన పోయి 35 ఏళ్లు.

మన దేశంలో ఈ అన్యాయానికి ఎదురు తిరిగిన ఘనత సలీం–జావేద్‌లది. 1973లో ‘జంజీర్’ పోస్టర్ల మీద తమ పేర్లు లేవని, పెయింటర్‌ను మాట్లాడి బొంబాయి గోడల మీదున్న పోస్టర్లపై ‘రచన: సలీం–జావేద్’ అని రాయించారు. కథకు విలువ ఉందని హిందీ నిర్మాతలు గ్రహించడానికి ఆ రంగుడబ్బా సాయం చాలానే ఉంది. తెలుగులో అలాంటి తిరుగుబాటు జరగలేదు. విజయేంద్రప్రసాద్ తరం ఓపిక పట్టింది, అంతే.

నలభై ఆరేళ్లకు మొదటి మలుపు

విజయేంద్రప్రసాద్ పుట్టింది 1942లో. ఆయన కథకు తెరమీద చెప్పుకోదగ్గ గుర్తింపు తెచ్చిన ‘జానకి రాముడు’ వచ్చింది 1988లో. దర్శకుడు కె. రాఘవేంద్రరావు, నాయకుడు నాగార్జున. పునర్జన్మ కథ. ఇరవై ఏళ్ల సినిమా మోజు, పోయిన పొలాలు, ఆగిన సినిమా, పేరు లేని రచన, ఇవన్నీ దాటాక నలభై ఆరో ఏట కుదురుగా ఒక మెట్టు దొరికింది. పాతికేళ్లకే అవకాశం రాలేదని కుంగిపోయే కుర్రవాళ్లకు ఈ ఒక్క లెక్క చెబితే చాలు.

అక్కడి నుంచి పని ఆగలేదు. 1994లో ‘బొబ్బిలి సింహం’, ‘బంగారు కుటుంబం’. 1995లో ‘ఘరానా బుల్లోడు’. 1999 సంక్రాంతికి బి. గోపాల్ దర్శకత్వంలో ‘సమరసింహారెడ్డి’. మాటలు పరుచూరి సోదరులవి, కథ ఈయనది. సీమ కక్షల నేపథ్యంలో ఒక పెద్ద వరసకు ఆ సినిమా దారి తీసింది. ఆ వరసలో వచ్చినవన్నీ మంచివని నేను అనను. ఒక ప్రాంతాన్నే కొడవళ్లతో గుర్తుపట్టేలా చేశాయన్న బాధ సీమ రచయితలకు ఉంది, అందులో న్యాయముంది. అయినా కథ కట్టిన పద్ధతిలో, గతాన్ని దాచి సగంలో విప్పే తీరులో, ‘సమరసింహారెడ్డి’ ఈనాటికీ కొత్త రచయితలు విప్పి చూడదగ్గ పనే.

కన్నడ తెరకూ కథలిచ్చారు

పన్నెండేళ్ల పిల్లలకు కూడా తెలిసిన ‘బాహుబలి’ సంగతి సరే. విష్ణువర్ధన్ నటించిన ‘అప్పాజీ’ (1996), శివరాజ్‌కుమార్ నటించిన ‘కురుబన రాణి’ (1998), నిఖిల్ గౌడ తొలి చిత్రం ‘జాగ్వార్’ (2016) విజయేంద్రప్రసాద్ కథలతో వచ్చిన కన్నడ సినిమాలు. ఆయన తెలుగులో రాసిన ‘విక్రమార్కుడు’ను (2006) సుదీప్ స్వయంగా దర్శకత్వం వహించి, నటించి 2009లో ‘వీర మదకరి’గా కన్నడంలో తీశారు. తమిళంలో అది ‘సిరుత్తై’, హిందీలో ‘రౌడీ రాథోడ్’. ‘వీర మదకరి’ తర్వాత మూడేళ్లకు ఆ సుదీపే ‘ఈగ’లో ప్రతినాయకుడై తెలుగు ఇళ్లలోకి వచ్చారు.

సంపాదించిందంతా ఒక్క సినిమాకు

రచయితగా నిలదొక్కుకున్నాక విజయేంద్రప్రసాద్‌కు దర్శకత్వం మీద మనసైంది. 1996లో ‘అర్ధాంగి’ తీశారు. కథలు రాసి కూడబెట్టుకున్నది అందులో పోయింది. అన్నగారి ‘పిల్లనగ్రోవి’ తర్వాత కుటుంబానికి ఇది రెండో దెబ్బ. ఆ రోజుల్లో ఇల్లంతా కీరవాణి సంపాదన మీదే నడిచిందని రాజమౌళి దాపరికం లేకుండా చాలాసార్లు చెప్పారు. 1990లో ‘మనసు మమత’తో సంగీత దర్శకుడైన కీరవాణి రాత్రింబవళ్లు పాటలు కడుతుంటే, ఎడిటింగ్ గదిలో కోటగిరి వెంకటేశ్వరరావు దగ్గర ఒక తమ్ముడు పని నేర్చుకుంటున్నాడు. ఆ తమ్ముడే రాజమౌళి.

డబ్బు పెట్టి, కథ రాసి, సినిమా తీసి నష్టపోయిన మనిషి తర్వాత రాసే కథల్లో ఒక జాగ్రత్త కనిపిస్తుంది. ఆయన కథల్లో ప్రేక్షకుడికి విసుగు పుట్టించే సన్నివేశం వెతకడం కష్టం. నిర్మాత కష్టం తెలిసిన రచయితకే అది సాధ్యమని నా అభిప్రాయం.

బుల్లితెర బడి

ఈ ఇంటి సినిమా చదువులో టీవీ పాత్ర పెద్దది.

రాఘవేంద్రరావు పర్యవేక్షణలో ఈటీవీకి తీసిన ‘శాంతి నివాసం’ ధారావాహికకు దర్శకుడు రాజమౌళి. రోజూ ఎపిసోడ్ అందించాలి. సెట్టు చిన్నది, సమయం తక్కువ, మర్నాటికి సీను కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఇవాళ ఒక్క సినిమాకు నాలుగైదేళ్లు తీసుకునే దర్శకుడు మొదట నేర్చుకున్నది డైలీ సీరియల్ వేగం! ఆ తర్వాతే, 2001 సెప్టెంబరులో తొలి సినిమా ‘స్టూడెంట్ నెం.1’.

అదే ఏడాది నవంబరులో జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు ‘అమృతం’ మొదలైంది. గంగరాజు రాయగలరు, తీయగలరు, నిర్మించగలరు. ‘లిటిల్ సోల్జర్స్’ దర్శకుడు, ‘ఐతే’, ‘అనుకోకుండా ఒకరోజు’ నిర్మాత. మన దగ్గర టీవీకీ సినిమాకూ రచయిత–నిర్మాత అన్న మాటకు అచ్చంగా సరిపోయే మనిషి ఆయనే. ‘అమృతం’ ఆరేళ్లపాటు, మూడు వందలకు పైగా ఎపిసోడ్లు నడిచింది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ ముందు చేరని తెలుగు ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. అందులో రాసినవాళ్లలో, నటించినవాళ్లలో రాజమౌళి సోదరుడి వరసయ్యే ఎస్.ఎస్. కాంచి ఒకరు. సిరివెన్నెల రాసిన శీర్షిక గీతానికి బాణీ కట్టి పాడిన కల్యాణి మాలిక్ సాక్షాత్తు శివశక్తి దత్తా కొడుకు. కాంచి తర్వాత ‘మర్యాద రామన్న’ కథ రాశారు. దానికి మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా ‘అవర్ హాస్పిటాలిటీ’.

విజయేంద్రప్రసాద్ కూడా టీవీని చిన్నచూపు చూడలేదు. 2017లో ‘బాహుబలి 2’ విడుదలైన కొద్ది వారాలకే స్టార్ ప్లస్‌లో ఆయన రచనతో ‘ఆరంభ్’ అనే హిందీ ధారావాహిక వచ్చింది. దర్శకుడు గోల్డీ బెహల్. దేవసేన అనే రాణి కథ. అందులో కార్తీక నాయర్ రాణిగా నటించారు. అది కొద్ది నెలలే నడిచింది. డెబ్భై అయిదేళ్ల వయసులో, దేశమంతా తన సినిమా చూస్తున్న వేళ, కొత్త మాధ్యమంలో మొదటి అడుగు వేయడం మాత్రం నాకు గొప్పగా తోస్తుంది.

సరదా మాటే సినిమా అయింది

1990ల మధ్యలో ఒకరోజు తండ్రీకొడుకులు కబుర్లు చెప్పుకుంటుంటే, ఒక ఈగ మనిషి మీద పగబడితే ఎలా ఉంటుందని విజయేంద్రప్రసాద్ నవ్వుతూ అన్నారు. తర్వాత దాన్ని ఒక ఇంగ్లిష్ సినిమాకు సరిపడేలా కథగా కూడా అల్లారు. అది 1830ల అమెరికా కథ. బానిసత్వం నుంచి కుటుంబాన్ని విడిపించబోయి ప్రాణం పోగొట్టుకున్న నల్లజాతి కుర్రవాడు ఈగై పుడతాడు. ఆ సినిమా రాలేదు. ఆలోచన మాత్రం పదిహేనేళ్లకు పైగా ఇంట్లోనే ఉండి, 2012 జూలైలో నాని, సమంత, సుదీప్‌లతో ‘ఈగ’గా వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌కు రెండు జాతీయ అవార్డులు తెచ్చుకుంది.

కథ ఎలా పుడుతుంది?

2022 నవంబరులో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో రచన మీద ఆయన ఒక పాఠం చెప్పారు. తాను కథలు రాయనని, దొంగిలిస్తానని అక్కడ బాహాటంగా అన్నారు. రామాయణం, భారతం, మన చుట్టూ జరిగే సంగతులు అన్నీ కథలేనని, వాటిని మన తీరులో చెప్పడమే రచయిత పని అని ఆయన భావం. నిజంలా కనిపించే అబద్ధం చెప్పగలిగినవాడే కథకుడన్నారు. ముందు ఇంటర్వెల్ మలుపు మనసులో పెట్టుకుని, దాని చుట్టూ కథను పేర్చుకుంటానని కూడా చెప్పారు. కొత్తగా రాసేవాళ్లు ఈ చివరి మాట గట్టిగా పట్టుకోవాలి. మనవాళ్లు చాలామంది మొదటి సీను నుంచి రాసుకుంటూ పోయి మధ్యలో మునిగిపోతారు. ఈయన సగం దగ్గర దీపం పెట్టుకుని అటూ ఇటూ నడుస్తారు.

‘సింహాద్రి’ (2003) చూడండి. ‘వసంత కోకిల’ సినిమా చివర తనను కంటికి రెప్పలా చూసుకున్న మనిషినే నాయిక మరిచిపోతుంది. ఆ చివరి నొప్పిని ఆయన ఇక్కడ విశ్రాంతి దగ్గరికి తెచ్చారు. తాను పసిపాపలా సాకిన అమ్మాయే నాయకుడి గుండెల్లో గునపం దించుతుంది. ఎందుకు? ఆ ఒక్క ప్రశ్న మీద మిగతా సినిమా అంతా నిలబడింది.

‘బాహుబలి’ పుట్టింది కూడా ఇలాంటి ఒక్క దృశ్యం నుంచే. ఒక విదేశీయుడు వృద్ధుడైన కట్టప్ప కత్తిసాము చూసి, మీ అంత వీరుడు లేడంటాడు. కాదు, బాహుబలి అనే వీరుడొకడు ఉండేవాడంటాడు కట్టప్ప. అంతటివాణ్ని చంపిందెవరని అడిగితే, నేనేనంటాడు. ఈ చిన్న సంభాషణను కొడుక్కి చెప్పానని విజయేంద్రప్రసాద్ ఇంటర్వ్యూల్లో వివరించారు. 2015 నుంచి 2017 దాకా దేశం మొత్తం ‘కట్టప్ప ఎందుకు చంపాడు’ అని ఒకరినొకరు అడిగిన ప్రశ్న అందులోంచి వచ్చింది. రెండు భాగాలనూ కలిపి కూర్చిన ‘బాహుబలి: ది ఎపిక్’ 2025 అక్టోబరు 31న మళ్లీ థియేటర్లకు వచ్చింది.

ఏడు రోజుల్లో రెండు

2015 జూలై 10న ‘బాహుబలి: ది బిగినింగ్’. జూలై 17న ‘బజరంగీ భాయిజాన్’. రెండింటి కథా ఒకే మనిషిది. అప్పుడాయనకు డెబ్భై మూడేళ్లు. ఒకటి కత్తులు, కోటలు, సింహాసనం. రెండోది మాటరాని పాపను సరిహద్దు దాటించి తల్లి ఒడికి చేర్చే మామూలు మనిషి కథ.

రెండో కథకు రెండు విత్తనాలు. చిరంజీవి ‘పసివాడి ప్రాణం’ (1987) ఒకటి. అదీ మలయాళం నుంచి వచ్చిన కథే. రెండోది, బిడ్డ గుండె ఆపరేషన్ కోసం పాకిస్తాన్ నుంచి భారత్ వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ దొరికిన ఆదరణ. ఆయన మొదట ఈ కథను ఆమిర్ ఖాన్‌కు వినిపించారు. ఇది సల్మాన్ ఖాన్‌కు బాగుంటుందని ఆమిరే సూచించారు. కబీర్ ఖాన్ దర్శకత్వం వహించారు. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ కథా రచయిత పురస్కారం తెచ్చిపెట్టింది ‘బాహుబలి’లోని మాహిష్మతి రాజ్యం కాదు, ఈ పాపే. నన్నడిగితే ఆయన కథలన్నిటిలోకీ మిన్న ఇదే. ఇందులో ప్రతినాయకుడు లేడు, ఉన్నది దూరం మాత్రమే.

రాజన్న నేల, రాయచూరు నేల

2011 డిసెంబరులో నాగార్జునతో విజయేంద్రప్రసాద్ తీసిన ‘రాజన్న’ నిజాం పాలనలోని పల్లెల గోస చెబుతుంది. రాయచూరు జిల్లా కూడా 1948 సెప్టెంబరు 17 దాకా నిజాం ఏలుబడిలోనే ఉంది. ఆ తర్వాత 1956 నవంబరు 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. అందుకే సెప్టెంబరు 17 ఇక్కడ తెలంగాణలో లాగే రాయచూరులోనూ పండగ. దర్శకుడిగా ఆయన చేసినవాటిలో నిలిచే పని ‘రాజన్న’. మల్లమ్మగా నటించిన చిన్నారి ఆనీకి నంది అవార్డు వచ్చింది.

‘బాహుబలి 2’లో నాయిక దేవసేన పుట్టిల్లు కుంతల రాజ్యం. చరిత్రలో కుంతల దేశమంటే కల్యాణి చాళుక్యులు ఏలిన ఉత్తర కర్ణాటకం. రాయచూరు అందులోదే.

అన్నగారి చివరి పాటలు

పొలాలు అమ్మి సినిమా మొదలుపెట్టిన శివశక్తి దత్తాకు దర్శకుడిగా అదృష్టం కలిసి రాలేదు. కవిగా మాత్రం తెర ఆయన్ను ఆలస్యంగానైనా గౌరవించింది. ‘బాహుబలి’లో ‘మమతల తల్లి’, ‘ఆర్ఆర్ఆర్’లో ‘రామం రాఘవం’ ఆయన రాసినవే. తొంభై ఏళ్లకు దగ్గరపడ్డ వయసులో రాసిన సంస్కృత పదాలు ప్రపంచమంతటా థియేటర్లలో మోగాయి. ‘ఆర్ఆర్ఆర్’ పాటకు కొడుకు కీరవాణి, గీత రచయిత చంద్రబోస్ కలిసి 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్ వేదిక మీద ఆస్కార్ అందుకోవడం ఆయన కళ్లారా చూశారు. 2025 జూలైలో కన్నుమూశారు.

రాజ్యసభలో కథకుడు

2022 జూలై 6న రాష్ట్రపతి నామినేట్ చేసిన నలుగురూ దక్షిణాదివాళ్లే. ఇళయరాజా, పి.టి. ఉష, ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే, విజయేంద్రప్రసాద్. ఎనభై ఏళ్ల వయసులో ఎంపీ అయినా ఆయన కలం ఆగలేదు. మహేశ్‌బాబుతో రాజమౌళి తీస్తున్న ‘వారణాసి’కీ ఆయనే కథకుడు.

సినిమా రచయిత పార్లమెంటులో ఉంటే ఏమొస్తుందని అనుకోవద్దు. ‘జంజీర్’ పోస్టర్ల మీద పేరు రాయించిన ఇద్దరిలో ఒకరైన జావేద్ అఖ్తర్ 2010లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. రచయితలు, స్వరకర్తల హక్కుల కోసం సభలో గట్టిగా మాట్లాడారు. 2012 మేలో కాపీరైట్ చట్టానికి సవరణ వచ్చింది. సినిమాలో వాడిన రచనకు, సంగీతానికి థియేటర్ బయట వచ్చే రాయల్టీలో సమాన వాటా రచయితదే, ఆ వాటాను ఒప్పందం రాసి వదులుకోవడం కూడా చెల్లదని ఆ సవరణ చెబుతోంది. చాలామంది కొత్త రచయితలకు ఈ సంగతి తెలియదు. తెలియక కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తున్నారు.

అందుకే ఈ శీర్షిక చదివే కుర్ర రచయితలకు, ముఖ్యంగా మాన్వి, సింధనూరు, గంగావతి క్యాంపుల్లో తెలుగులో కథలు రాసుకుంటున్న పిల్లలకు ఒక్క మనవి. కథ ఎవరికైనా వినిపించే ముందు శుభ్రంగా రాసి, తేదీ వేసి, హైదరాబాద్‌లోని తెలుగు సినీ రచయితల సంఘంలోనో ముంబయిలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లోనో నమోదు చేయించండి. ఒప్పందంలో ‘కథ’ కార్డు మీద మీ పేరు ఉంటుందన్న వాక్యం ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.